రంగు కలిసిన డెక్ ఆయిల్: ఏళ్ల తరబడి ఎండావానల్లో వాడి చూశాక

ఆరుబయట చెక్క పలకలతో వేసిన నేలకి, అంటే డెక్‌కి, వార్నిష్ వేయాలా, చెక్కలోకి ఇంకే నూనె వేయాలా అని తేల్చుకోలేకపోతున్న వాళ్లకి నా సలహా ఒక్కటే. నూనే వేయండి, అదీ రంగు కలిసినదే. ఎక్కువ కాలం నిలుస్తుందని కాదు. మొదటి ఏడాది మంచి వార్నిషే ఇంతకన్నా నిండుగా కనిపిస్తుంది. తేడా అంతా పాడయ్యే తీరులో ఉంది. నూనె క్రమంగా పలచబడుతుంది. అరిగినచోట కడిగి, ఆరబెట్టి మళ్లీ రాస్తే పాతదానిలో కలిసిపోతుంది. వార్నిష్ మాత్రం పగులుతుంది. ఆ పగుళ్లలోంచి దిగిన నీళ్లు పొర కింద చిక్కుకుని పొలుసులు లేపుతాయి. ఇక డెక్ అంతా గీకి తీయాల్సిందే.

దీనికి మూలం ఎండ. అతినీలలోహిత కిరణాలు చెక్క పోగుల్ని పట్టి ఉంచే లిగ్నిన్‌ని ఛేదిస్తాయి, వాన దాన్ని కడిగేస్తుంది. పైన మిగిలేది బూడిద రంగు. పారదర్శకమైన పొర ఈ కిరణాల్ని చాలావరకు లోపలికి వదులుతుంది కాబట్టి, పొర గట్టిగానే ఉన్నా దాని అడుగున చెక్క పట్టు తప్పుతుంది. రంగులేని నూనెదీ ఇదే లోపం. నీటిని కొంత ఆపుతుంది గానీ ఎండను ఆపలేదు. రంగు నూనెలో ఉండే ఐరన్ ఆక్సైడ్ రేణువులే అసలు కాపలా. అందుకే లేత గోధుమ రంగుకన్నా ముదురు రంగు ఎక్కువ కాలం నిలుస్తుంది. అయితే ముదురు రంగు పలకలు ఎండలో బాగా వేడెక్కుతాయి. ఉత్త కాళ్లతో తిరిగే చోట మధ్యరకం రంగు ఎంచుకోవడం మేలు.

డబ్బా మీద ఎన్ని మాటలు రాసినా, ఫలితం నూనె పూయడానికి ముందు చేసే పనిలోనే ఉంటుంది. నాచు, బూజు, మురికి పోవడానికి సోడియం పర్‌కార్బొనేట్ (ఆక్సిజన్ బ్లీచ్ పొడి) బాగా పనిచేస్తుంది. లీటరు గోరువెచ్చని నీటికి సుమారు 60 గ్రాములు కలిపి, పలకలు తడిపి పోసి, పావుగంట ఆరిపోకుండా చూసి, నైలాన్ బ్రష్‌తో చెక్క చారల వెంబడి రుద్దాలి. క్లోరిన్ బ్లీచ్ జోలికి పోవద్దు. అది లిగ్నిన్‌నీ తింటుంది, స్క్రూలనూ తింటుంది. పర్‌కార్బొనేట్ క్షారం కాబట్టి టేకు, ఓక్ లాంటి చెక్కలు కాస్త నల్లబడతాయి. దానికి విరుగుడు ఆక్సాలిక్ ఆమ్లం. లీటరుకు 50 నుంచి 80 గ్రాములు కలిపి పూసి, 15 నిమిషాల తర్వాత పుష్కలంగా నీళ్లు పోసి కడగాలి. చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. పక్కన మొక్కలుంటే ముందే తడిపి కప్పండి. స్క్రూల చుట్టూ కనిపించే నల్లటి మచ్చలు ఇనుముకీ చెక్కలో సహజంగా ఉండే టానిన్ అనే వగరు పదార్థానికీ మధ్య జరిగిన చర్య. ఆక్సాలిక్‌తో మచ్చ పోతుంది, కానీ పాత స్క్రూ అక్కడే ఉంటే మళ్లీ వస్తుంది. దాన్ని తీసి స్టెయిన్‌లెస్ స్టీల్‌ది బిగించాలి. సముద్రం దగ్గరైతే ఉప్పుగాలిని బాగా తట్టుకునే 316 రకం స్టీల్‌ది.

ప్రెషర్ వాషర్ వాడేవాళ్లు వెడల్పుగా చిమ్మే నాజిల్ పెట్టి, కనీసం అడుగు దూరంలో పట్టుకోండి. దగ్గరగా కొడితే చెక్క మీద నూగు లేస్తుంది. సాండ్‌పేపర్ 60 లేదా 80 నంబరు చాలు. అంతకన్నా నునుపు చేస్తే నూనె లోపలికి దిగదు.

కడిగాక కనీసం రెండు మూడు పొడి రోజులు ఆగాలి. తేమ మీటర్ ఉంటే 15 శాతం లోపు చూపించాలి. లేకపోతే నాలుగు నీటి బొట్లు వేసి చూడండి. కొద్ది నిమిషాల్లో ఇంకితే సరే, ముత్యాల్లా నిలిస్తే చెక్క ఇంకా సిద్ధంగా లేదు. పలక మీద చేయి ఆనించలేనంత వేడి ఉన్నప్పుడు పూయకూడదు. లోపలికి ఇంకకముందే పైన ఆరిపోతుంది. పూశాక ఒకటి రెండు రోజులు వాన పడకూడదు.

రంగు డబ్బా అడుగున పేరుకుంటుంది, కాబట్టి పని మధ్యలో కూడా కలుపుతూ ఉండాలి. రెండు మూడు డబ్బాలు వాడేటట్టయితే అన్నీ ఒకే బకెట్లో పోసి కలిపితే రంగు తేడా రాదు. రెండేసి పలకలు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే ఊపున పూస్తే అతుకు గీతలు పడవు. లీటరుకు సుమారు 100 చదరపు అడుగులు వస్తుంది, గరుకు చెక్కయితే ఇంకా తక్కువ. పావుగంట తర్వాత ఇంకకుండా మిగిలినదంతా గుడ్డతో తుడిచేయాలి. చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు. ఎక్కువ పూస్తే ఎక్కువ రక్షణ అనుకుంటారు, అది జిగురులా ఉండిపోయి దుమ్ము పట్టుకుంటుంది. టేకు, ఇపే లాంటి గట్టి చెక్కలకి ఒక్క పూతే చాలు.

పలకల కొసల గురించి గట్టిగా చెప్పాలి. పైతలం కన్నా కోసిన చివర్లు ఎన్నో రెట్లు వేగంగా నీళ్లు పీలుస్తాయి. పగుళ్లూ కుళ్లూ ఎక్కువగా అక్కడే మొదలవుతాయి. కొసలకి తాగినంత నూనె పట్టించండి, రెండు మూడు సార్లయినా. పలకల మధ్య 5 మిల్లీమీటర్ల సందు ఉండాలి. అందులో ఆకులూ మట్టీ ఇరుక్కుంటే పలుచటి రేకుతో తీసేయండి, లేకపోతే కింది దూలం ఎప్పుడూ తడిగానే ఉంటుంది. పూలకుండీల కింద చిన్న దిమ్మలు పెట్టి గాలి ఆడనివ్వాలి.

లోపాలూ చెబుతాను. ఎండా వానా నేరుగా తగిలే నేల పలకలకి దాదాపు ఏటా ఒక పూత పడాల్సిందే. నిలువుగా ఉండే రెయిలింగ్‌కి రెండు మూడేళ్లు ఆగొచ్చు. నీడ, తేమ ఉన్నచోట అవిసె నూనె ఎక్కువగా ఉన్న రకాలు బూజుకి ఆహారమవుతాయి. బూజు నిరోధకం కలిసినదే తీసుకోవాలి. ఇదివరకే పెయింటో వార్నిషో ఉన్న డెక్ మీద దీన్ని పూస్తే వృథా, ముందు అదంతా తీసేయాలి. ఏటా ఒకరోజు కేటాయించలేని వాళ్లకి దీన్ని సిఫారసు చేయను. అలాంటి వాళ్లు టేకుని అలాగే బూడిద రంగుకి తిరగనిచ్చి, శుభ్రంగా ఉంచుకోవడమే నయం.

నూనె తుడిచిన గుడ్డల్ని ముద్దగా పడేయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఆరే నూనెలు గాలితో చర్య జరిపి వేడి పుట్టిస్తాయి, ముద్దలో ఆ వేడి బయటికి పోలేక దానంతట అదే అంటుకుంటుంది. నీళ్లలో ముంచి మూత పెట్టండి, లేదా ఆరుబయట ఒక్కో గుడ్డ విడివిడిగా పరిచి గట్టిపడేదాకా ఆరనివ్వండి. మిగిలిన నూనెని సగం ఖాళీ డబ్బాలో ఉంచితే మీగడ కడుతుంది. అంచుదాకా నిండే చిన్న డబ్బాలోకి మార్చి, మళ్లీ వాడేటప్పుడు వడగట్టుకోండి.