అడవి అంచున ధ్యాన కుటీరానికి ఏ కలప మేలు? కొత్త టేకా, వెదురా, పాత మిద్దె దూలాలా?

కడప దగ్గర సిద్దవటం వైపు, లంకమల కొండల కింద పొలంలో మేం ధ్యానానికని ఒక చిన్న చెక్క కుటీరం కట్టుకున్నప్పటి నుంచి తెలిసినవాళ్లందరూ అడిగేది ఒకటే, ఏ కలప వాడాలని. కట్టేది సొంత పట్టా భూమిలోనే అనుకుని చెబుతున్నా. రిజర్వు అడవిలో ఇష్టమొచ్చినట్టు కట్టుకోవడానికి 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం ఒప్పుకోదు. ఎర్రచందనం ఊసు అసలే వద్దు.

ఫోన్లో చూసి ముచ్చటపడే రెడీమేడ్ పైన్ క్యాబిన్లు మెత్తటి చెక్కవి. మందు బాగా పట్టించకపోతే మన చెదల ముందు నిలబడవు, పైగా అంత దూరం నుంచి వచ్చిన చెక్కను పర్యావరణహితం అనడానికి నాకు మనసొప్పదు. సరుగుడు, నీలగిరి వాసాలు పందిరికి చాలు, ఇంటికి వద్దు.

ఇక మిగిలినవి మూడు. నా దృష్టిలో వీటిలో ఏది మేలో తేల్చేది ధర కాదు, అందం కాదు, చేవ. చేవ అంటే చెట్టు నడుమ ముదురు రంగులో ఉండే గట్టి చెక్క, దాన్ని చెద అంత తేలిగ్గా ముట్టదు, చుట్టూ ఉండే తెల్ల చెక్కనైతే నెలల్లో గుల్ల చేస్తుంది. టేకు మంచిదని కళ్లు మూసుకుని కొంటాం గానీ, ఇప్పుడు దొరికే తోట టేకులో చాలావరకు లేత చెట్లు, కోసి చూస్తే సగానికి సగం తెల్ల చెక్కే. ముదురు టేకు దొరికితే దానికి వంక పెట్టలేం, కానీ దానికోసం ఎక్కడో ఒక పెద్ద చెట్టు పడాల్సిందే కదా.

మన ఊళ్లలో కూలుతున్న మట్టి మిద్దెల్లో ఏముందో చూడండి. దూలాలు, దంతెలు (దూలాల మీద అడ్డంగా వేసే సన్నటి కొయ్యలు), స్తంభాలు అన్నీ చేవ ఉన్న టేకు, వేప, మద్ది, నారేపి. నారేపి అయితే నీళ్లలో మునిగేంత బరువు. రాయలసీమ ఎండను, వానను, చెదను రెండు మూడు తరాలు తట్టుకుని నిలిచిన కలప అది, తినగలిగినదైతే చెద ఎప్పుడో తినేసి ఉండేది. దీనికోసం కొత్తగా ఒక్క చెట్టూ కొట్టనక్కర్లేదు.

ధ్యానానికి కూర్చునేవాళ్లకు ఇంకో సంగతి కూడా ముఖ్యం. సరిగా ఆరని కొత్త చెక్క వేసవిలో, కడపలో ఎండ 43, 44 డిగ్రీలకు పోయే రోజుల్లో, ముడుచుకుని పగులుతుంది. రాత్రిపూట కళ్లు మూసుకుని కూర్చుంటే టప్‌మని వినిపిస్తూ ఉంటుంది, అతుకులు వదులై కిర్రుమంటాయి. పాత దూలం ముడుచుకోవాల్సినంతా ఎప్పుడో ముడుచుకుంది.

ఇబ్బందులు లేవని కాదు. లోపల పాత మేకులుంటాయి, రంపం పళ్లు పోతాయని మిల్లువాళ్లు ‘కోయం’ అనేస్తారు, కాబట్టి మేకులన్నీ పీకించాకే తీసుకెళ్లాలి. బేరానికి ముందు సుత్తితో కొట్టి చూడండి, ఖంగుమనాలి, బొదబొదమంటే లోపల గుల్ల. గోడలో ఇరికి ఉన్న కొసలను చాకుతో గుచ్చి చూడండి, పాడయ్యేది ముందు అక్కడే. పొడవు కూడా మనం అడిగినంత దొరకదు. అందుకే ముందు ప్లాన్ గీయించుకుని తర్వాత కలప వెతకొద్దు, దొరికిన దూలాల పొడవును బట్టి గది కొలత పెట్టుకోండి. పది పన్నెండు అడుగుల గది ధ్యానానికి ఎక్కువే.

వెదురు మీద నాకు చిన్నచూపు లేదు. నల్లమలలో దొరికే సాధనపు వెదురు గట్టిది, త్వరగా పెరుగుతుంది, అడవి భూమి బయట పెంచిన వెదురును కేంద్రం 2017లో భారతీయ అటవీ చట్టంలో చెట్ల లెక్క నుంచి తీసేసింది కూడా. అయితే అందులోని పిండి పదార్థం కోసం పుప్పి పురుగు పడుతుంది, గోడ కింద సన్నటి పొడి రాలుతుంటే అదే. వానలు పోయాక కొట్టి, బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెడితే చాలాకాలం ఉంటుంది. నేను దాన్ని తడికలకు, వసారాకు వాడతాను, పైకప్పు బరువు మోయడానికి మాత్రం పెట్టను.

ఏ కలపైనా స్తంభాన్ని నేలలో పాతొద్దు. బేతంచెర్ల బండో, కడప నాపరాయో వేసి అడుగున్నర ఎత్తు దిమ్మె మీద నిలబెట్టండి. చెద పైకి రావాలంటే రాతి మీద మట్టి గూడు కట్టుకుంటూ రావాలి, అది కంటికి కనిపిస్తుంది, వారానికోసారి చీపురుతో దులిపేస్తే సరి. పైకి బోద గడ్డి కప్పితే చల్లగా ఉంటుంది గానీ అడవి అంచున కార్చిచ్చు భయం, అందుకే పెంకులే మేలు. చుట్టూ ఎండుగడ్డి వేసవికి ముందే తీసేయండి.

పాత మిద్దె కలప కొన్నప్పుడు ఆ ఇంటివాళ్ల దగ్గర సంతకంతో రసీదు రాయించుకోండి, ఇల్లు విప్పకముందు దూలాలు కనిపించేలా ఫోటోలు తీసి పెట్టుకోండి. లారీకి ఎత్తే ముందే ఆ కాగితాలతో ఫారెస్టు రేంజి ఆఫీసుకు వెళ్లి రవాణాకు ఏం కావాలో అడగండి, ముఖ్యంగా కడప చుట్టుపక్కల, ఎందుకంటే ఎర్రచందనం వల్ల ఇక్కడ కలప బండి ఏది కనబడినా ఆపుతారు.