కనిష్కుడి కోసం తెర్మెజ్ దాకా

మథుర మ్యూజియంలో కుషాణ చక్రవర్తి కనిష్కుడి తల లేని విగ్రహం ఉంది. కోటు అంచు మీద ‘మహారాజ రాజాతిరాజ దేవపుత్ర కనిష్క’ అని బ్రాహ్మీలో చెక్కారు. ఆ బరువైన బూట్లు, మోకాళ్లు దాటిన కోటు చూశాక, యమున ఒడ్డు ఎండలో ఈ చలిదేశపు బట్టలేమిటని మనసులో పడిపోయింది. అతని పూర్వీకులు మధ్య ఆసియా నుంచి వచ్చినవాళ్లు. అందుకే అక్టోబరులో అక్కా నేనూ ఉజ్బెకిస్తాన్ వెళ్లాం.

ఢిల్లీ నుంచి తాష్కెంట్‌కు నేరుగా విమానం ఉంది. అక్కడి చరిత్ర మ్యూజియం తప్పకుండా చూడండి. దక్షిణ సరిహద్దు ఊరు తెర్మెజ్ దగ్గరి ఫయాజ్ తెపే బౌద్ధ విహారంలో దొరికిన సున్నపురాయి బుద్ధుడు, అటూ ఇటూ ఇద్దరు భిక్షువులతో అక్కడే ఉన్నాడు. తెర్మెజ్‌కు రాత్రి రైల్లో వెళ్లాం. బెర్తులు శుభ్రంగా ఉన్నాయి, వేడి టీ దొరికింది.

బస మాత్రం ఇబ్బంది పెట్టింది. ముందే బుక్ చేసిన గెస్ట్‌హౌస్‌లో ఏసీ పనిచేయలేదు, అక్కడ బస చేసినట్టు ఇచ్చే రిజిస్ట్రేషన్ చీటీ అడిగితే రేపు రేపు అన్నారు. విదేశీయులకు అది అవసరం కాబట్టి టెన్షన్ పడి మర్నాడే హోటల్‌కు మారాం. అద్దె ఎక్కువైనా నిశ్చింతగా నిద్రపోయాం. శాకాహారులకు తందూరు రొట్టె, టమాటా సలాడ్, పెరుగు, గుమ్మడికాయ సమోసా దొరుకుతాయి. మాకు అవే సరిపోయాయి.

ఊరికి దక్షిణాన ఆము దర్యా, అవతల అఫ్గానిస్తాన్. కుషాణుల పూర్వీకులైన యూచీలు అనే సంచార జాతివాళ్లు ఈ నది దగ్గర స్థిరపడి, తర్వాత దక్షిణానికి వచ్చారు. 1993లో అవతలి వైపు రబాతక్‌లో దొరికిన శాసనంలో కనిష్కుడు తన ముత్తాత కుజుల కద్ఫిసెస్ నుంచి తండ్రి వీమ కద్ఫిసెస్ దాకా పేర్లు చెప్పుకున్నాడు. మన పంచాంగంలోని శక సంవత్సరం మొదలైన క్రీ.శ. 78నే అతని పట్టాభిషేకం అని చాలాకాలం నమ్మారు. ఇప్పుడు ఎక్కువమంది పండితులు 127 అంటున్నారు.

తెర్మెజ్ మ్యూజియంలో నాణేల దగ్గర చాలాసేపు ఆగాం. కనిష్కుడు గ్రీకు భాషను వదిలి, అదే గ్రీకు లిపిలో ఈ ప్రాంతపు బాక్ట్రియన్ భాషను నాణేల మీదికి తెచ్చాడు. ఒకవైపు రాజు, మరోవైపు నానా దేవత, సూర్యుడు, శివుణ్ని పోలిన ఓయెషో, కొన్నిటి మీద ‘బొద్దో’ అనే పేరుతో బుద్ధుడు. ఒక్క రాజు సంచిలో ఇంతమంది దేవుళ్లు ఇమిడారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కారా తెపే గుహ విహారం సరిహద్దు దగ్గర ఉంది, అనుమతి విషయం ముందే కనుక్కోండి. జుర్మాలా స్తూపం పొలాల మధ్య ఒంటరిగా నిలబడ్డ ఇటుకల దిబ్బ. కారు దిగి కాస్త నడవాలి.

మా మనసు మాత్రం ఫయాజ్ తెపే మీదే. 1968లో బయటపడిన విహారం ఇది. కొత్తగా కట్టిన గుమ్మటం కింద పాత స్తూపం భద్రంగా ఉంది, చుట్టూ భిక్షువుల గదుల మట్టిగోడలు. నీడ లేదు, కాబట్టి పొద్దున్నే వెళ్లండి. ఊరికి రెండు రోజులు చాలనుకున్నాం. మూడో రోజు పొద్దున అక్క మళ్లీ అక్కడికే పోదామంది.