పాత సిల్వరాడోలో ఏసీ, హీటర్ గాలి మరమ్మతు: ఏళ్లు వాడాక సమీక్ష

బండి: షెవర్లే సిల్వరాడో 1500, 2004 మోడల్, 5.3 లీటర్ల వీ8, నాబ్‌లు తిప్పే మాన్యువల్ ఏసీ. ఉండేది టెక్సస్‌లో, అంటే ఏడాదిలో సగం పైగా ఏసీ లేనిదే బండి ఎక్కలేని చోట. వెంట్లలో గాలి తగ్గినందుకు చేసిన మరమ్మతులు ఎన్నో ఎండాకాలాలు తట్టుకున్నాయి కాబట్టి ఏది నిలిచింది, ఏది డబ్బు దండగ అన్నది ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను. 1999 నుంచి 2006 దాకా వచ్చిన సిల్వరాడో, దాని జోడీ జీఎంసీ సియెర్రా, అదే తరం టాహో, యూకాన్ ముందుభాగం ఏసీకీ ఇందులో చాలావరకు వర్తిస్తుంది. ఇక్కడి మనవాళ్లలో సరుకు మోయడానికో, బోటు లాగడానికో ఈ తరం పాత ట్రక్కు కొనేవాళ్లు తక్కువేం కాదు. వాళ్లకోసమే ఈ వివరం.

ముందుగా ఒక్కమాట. గాలి రాకపోవడం వేరు, చల్లగా రాకపోవడం వేరు. గాలి బలంగా వస్తూ చల్లదనం లేకపోతే అది గ్యాస్, కంప్రెసర్ సంగతి. గాలే రాకపోతే గ్యాస్ నింపించడం వల్ల పైసా ఉపయోగం లేదు. ఈ రెండూ కలిపేసుకునే చాలామంది అనవసరంగా ఆర్‌134ఏ (ఏసీ గ్యాస్) డబ్బాలు కొని ఎక్కిస్తారు. గ్యాస్ ఎక్కువైతే అసలు బాగున్న కంప్రెసర్‌కే చేటు.

గాలి తక్కువగా ఉందంటే ముందు చెవి పెట్టి వినండి. ఫ్యాన్ 5లో, అంటే అన్నిటికంటే ఎక్కువ స్పీడ్‌లో పెట్టినప్పుడు బ్లోయర్ (గాలి తోసే ఫ్యాన్ మోటారు) హోరు గట్టిగా ఉండి వెంట్ దగ్గర గాలి నీరసంగా ఉంటే దారిలో ఎక్కడో అడ్డం ఉన్నట్టు. హోరే తక్కువగా ఉంటే మోటారుకు కరెంటు సరిగ్గా అందడం లేదు, లేదా మోటారే అరిగిపోయింది. తర్వాత మల్టీమీటర్. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14 వోల్టుల చుట్టుపక్కల ఉంటుంది. ఫ్యాన్ 5లో ఉంచి, బ్లోయర్ మోటారు కనెక్టర్ వెనక నుంచి రెండు తీగలకూ మీటర్ సూదులు పెట్టి చూడండి. బ్యాటరీ కంటే వోల్టు లోపు తక్కువ ఉంటే వైరింగ్‌ది తప్పు కాదు. రెండు మూడు వోల్టులు ఎక్కడో పోతుంటే ఆ పోయిన చోటే వేడెక్కుతోంది, కాలబోతోంది. ఈ ఒక్క కొలత చేయకుండా మోటారు, రెసిస్టర్, స్విచ్ వరసగా మార్చుకుంటూ పోతే ఖర్చుకు అంతుండదు.

కరెంటు వైపు ఈ ట్రక్కుల్లో అందరికీ తెలిసిన బలహీనత బ్లోయర్ రెసిస్టర్ (కరెంటు తగ్గించి ఫ్యాన్ స్పీడ్ మార్చే భాగం), దానికి తగిలే కనెక్టర్. కొన్ని స్పీడ్లు పోయి కొన్ని పనిచేయడం, లేదా 5లో మాత్రమే తిరగడం దీని గుర్తు. 5లో కరెంటు రెసిస్టర్ తీగల గుండా పోకుండా రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) ద్వారా నేరుగా మోటారుకు వెళ్తుంది, అందుకే తీగ తెగినా ఆ స్పీడ్ బతికే ఉంటుంది. రెసిస్టర్ ఉండేది ప్రయాణికుడి వైపు డాష్‌బోర్డు కింద, బ్లోయర్ మోటారు పక్కనే. కాళ్ల దగ్గర పైన ఉండే నల్లటి ప్యానెల్ తీస్తే కనిపిస్తుంది. స్క్రూలన్నీ చిన్న ఆరు పలకల తలవే, 5.5 మి.మీ. సాకెట్ కావాలి. పొట్టి రాచెట్ ఉంటే పని సగం తగ్గుతుంది, ఎందుకంటే కొన్ని స్క్రూలు చెయ్యి తిరగని చోట వెనక్కి ఉంటాయి.

రెసిస్టర్ ఒక్కటే మార్చి పాత కనెక్టర్‌నే తగిలిస్తే ఆ మరమ్మతు నిలవదు. కనెక్టర్ లోపలి రేకులు వేడికి వదులైపోయి ఉంటాయి. వదులైన చోట అవరోధం పెరుగుతుంది, అవరోధం వల్ల ఇంకా వేడి, ఆ వేడికి కొత్త రెసిస్టర్ పిన్నులు కూడా నల్లబడతాయి. కాబట్టి రెసిస్టర్‌తో పాటు తీగలున్న కొత్త పిగ్‌టెయిల్ కూడా కలిపిన సెట్టే కొనండి. ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి. పాత తీగను గోధుమరంగు తిరిగిన భాగం పూర్తిగా పోయేదాకా, లోపల రాగి మెరిసేదాకా వెనక్కి కత్తిరించాలి. అతుకులన్నీ ఒకేచోట గుట్టపడకుండా ఒక్కో తీగను ఒక్కో పొడవులో కత్తిరించండి. సరైన క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కి, లోపల జిగురున్న, వేడికి ముడుచుకునే హీట్‌ష్రింక్ గొట్టం వేయండి. కొత్త పిగ్‌టెయిల్ తీగ కంపెనీ తీగ కంటే సన్నగా ఉంటే వెనక్కి ఇచ్చేయండి. మార్కెట్లో బాగా చవగ్గా దొరికే కొన్ని సెట్లలో తీగ సన్నగానే ఉంటుంది, అలాంటివి ఎండాకాలం మధ్యలో చేతులెత్తేస్తాయి. తీగ మందం చూసి ఎంచుకున్న సెట్ మాత్రం ఇప్పటికీ చేత్తో తాకితే గోరువెచ్చగానే ఉంటుంది.

ఇంకా అడుగున ఉన్న కారణం చాలాసార్లు మోటారే. బేరింగ్ బిగుసుకుంటే, ఫ్యాన్ పంజరంలో (మోటారుకు బిగించిన రెక్కల చక్రంలో) ఆకులు చేరితే మోటారు మామూలు కంటే ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ భారమంతా కనెక్టర్ మీద పడుతుంది. ఎలుకలు బండిలో గూడు కట్టడం ఇక్కడ మామూలే, దాని పీచంతా పంజరంలోకే చేరుతుంది. మోటారు స్క్రూలు విప్పి, చిన్న చల్లగాలి గొట్టం ఊడదీస్తే మోటారు కిందికి దిగుతుంది. చేత్తో తిప్పండి: తేలిగ్గా తిరిగి నెమ్మదిగా ఆగాలి. గరగర ఉన్నా, పక్కలకు ఊగినా మార్చేయడమే మేలు. ఆయిల్ పోసి నడపడం కొన్ని వారాల ముచ్చట.

ఇక హోరు గట్టిగా ఉండి గాలి రాని బండి సంగతి. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఈ తరంలో మొదటి ఏళ్ల బండ్లకు క్యాబిన్ ఫిల్టర్ (లోపలికొచ్చే గాలిని వడగట్టేది) ఉండేది, 2003 నుంచి దాన్ని తీసేశారు. ఫిల్టర్ ఉండాల్సిన చోటు మాత్రం డాష్‌బోర్డు కింది ఏసీ పెట్టెలో అలాగే ఉంది, బ్లోయర్‌కు, కూలింగ్ కాయిల్‌కు మధ్యన. ఫిల్టర్ లేకపోవడంతో ఏళ్ల తరబడి దుమ్ము, ఆకుల ముక్కలు, కుక్క వెంట్రుకలు అన్నీ నేరుగా తడిగా ఉన్న కాయిల్ మీద అతుక్కుంటాయి. అల్యూమినియం రెక్కల మధ్య సందులు మూసుకుపోతాయి. బయటి నుంచి చూస్తే ఏ లోపమూ కనిపించదు, వోల్టేజీ కూడా సరిగ్గానే ఉంటుంది. ఈ పాత ట్రక్కుల్లో ఏసీకే కాదు హీటర్‌కు కూడా గాలి తగ్గడానికి ఇదే పెద్ద కారణం, ఎందుకంటే హీటర్‌కు పోయే గాలి కూడా ముందు ఈ కాయిల్ దాటాల్సిందే.

శుభ్రం చేయడానికి ఫిల్టర్ స్థానం మూతే దారి. కొన్ని బండ్లకు మూత విప్పితే వస్తుంది, కొన్నింటికి పెట్టె ప్లాస్టిక్‌లోనే కలిసి ఉంటుంది, గుర్తుగా ఉన్న గీత వెంట పదునైన కత్తితో జాగ్రత్తగా కోయాలి. ఫిల్టర్లతో పాటు కొత్త మూత ఉన్న సెట్లు దొరుకుతాయి. తెరిచాక టార్చి వేసి చూడండి, కాయిల్ బదులు బూడిదరంగు దుప్పటి కనిపిస్తే అదీ సంగతి. ముందు పొడిగా ఉండగానే మెత్తటి బ్రష్‌తో రెక్కల వెంట, పైనుంచి కిందికి మాత్రమే రాస్తూ వ్యాక్యూమ్‌తో లాగండి. అడ్డంగా రాస్తే రెక్కలు వంగుతాయి, వంగిన రెక్క మళ్లీ గాలికి అడ్డమే. ఎయిర్ కంప్రెసర్ పంపు గాలితో కొట్టకండి, దుమ్ము ఇంకా లోపలికి దిగబడుతుంది. తర్వాత కాయిల్ క్లీనర్ ఫోమ్ కొట్టి డబ్బా మీద రాసినంత సేపు వదిలి, స్ప్రే సీసాతో నీళ్లు చల్లుతూ కడగండి. ఆ సమయంలో మోటారు, రెసిస్టర్ రెండూ తీసి పక్కన పెట్టి ఉండాలి. మురికి నీళ్లు ఇంజిన్ వైపు కిందికి పోయే డ్రెయిన్ గొట్టం ద్వారా కారాలి. కారకపోతే ఆ గొట్టం కూడా పూడుకుపోయిందన్నమాట. ప్రయాణికుడి వైపు కార్పెట్ తడిగా ఉండటానికి కూడా చాలాసార్లు అదే కారణం.

ఈ పని తర్వాత వచ్చిన తేడా మిగతా మరమ్మతులన్నీ కలిపినా రాదు. కాయిల్ మార్చాలంటే గ్యాస్ తీయించి, డాష్‌బోర్డు మొత్తం విప్పాల్సి ఉంటుంది. కాబట్టి షాపులో కాయిల్ మార్చాలి అనగానే ఒప్పుకోకుండా ముందు మూత తెరిచి చూపించమనండి.

బయల్దేరినప్పుడు గాలి బాగుండి, గంట నడిచాక తగ్గిపోయి, ఏసీ ఆపి కాసేపయ్యాక మళ్లీ వస్తే కాయిల్ మీద మంచు కడుతోంది. ఈ బండ్లలో అక్యుమ్యులేటర్ (ఏసీ గ్యాస్ గొట్టాల దారిలో ఉండే డబ్బా) మీదుండే ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను ఆపుతూ వేస్తూ ఉంటుంది. ఆ స్విచ్ చెడినా, గ్యాస్ కొంత తగ్గినా, గాలే తక్కువైనా మంచు పడుతుంది. మూడోదే కారణమైతే కాయిల్ కడగడంతో ఇదీ పోతుంది.

గాలి ఉంది కానీ ఎదుటి వెంట్లలో కాక అద్దం మీదికో కాళ్ల మీదికో పోతుంటే, లేదా డాష్‌బోర్డు లోపల టకటక చప్పుడు వస్తుంటే అది గాలి దారి మార్చే లోపలి తలుపులను తిప్పే చిన్న మోటారు, యాక్చువేటర్. లోపలి ప్లాస్టిక్ పళ్లు విరిగితే ఆ చప్పుడు. కొనేముందు ఒక ప్రయత్నం: తాళం ఆపి, హెచ్‌వీఏసీ (ఏసీ, హీటర్ వ్యవస్థ) ఫ్యూజు ఒక నిమిషం తీసి మళ్లీ పెట్టి, తాళం ఆన్ చేసి, ఏ నాబూ ముట్టకుండా నిమిషం పైగా ఆగండి. యాక్చువేటర్ తన రెండు చివరలూ వెతుక్కుని మళ్లీ నేర్చుకుంటుంది. కొత్తది బిగించాక కూడా ఇది చేయాల్సిందే, లేకపోతే కొత్తది కూడా తప్పు చోటే ఆగుతుంది. ఆ చుట్టుపక్కల పసుపురంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి పోవద్దు.

చలికాలంలో గాలి బలంగా ఉండి వేడి లేకపోతే ముందు కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) నిండుగా ఉందో లేదో చూడండి. నిండుగా ఉంటే ఇంజిన్ వేడెక్కాక హీటర్ గొట్టాలు రెండూ తాకి చూడండి. ఒకటి కాలుతూ రెండోది చల్లారినట్టుంటే హీటర్ కోర్ (వేడి కూలెంట్ తిరిగే చిన్న రేడియేటర్ లాంటిది) పూడుకుంది, తక్కువ ఒత్తిడి నీళ్లతో తిరగేసి కడగాలి. రెండూ కాలుతుంటే మళ్లీ యాక్చువేటర్ వైపే చూడాలి.

ఫిల్టర్లు పెట్టినప్పుడు బాణం గుర్తు గాలి పోయే దిక్కుకు, అంటే బ్లోయర్ నుంచి కాయిల్ వైపుకు ఉండాలి. మట్టిరోడ్ల మీద తిరిగే బండికి ఆరు నెలలకోసారి, ఊళ్లో తిరిగేదానికి ఏడాదికోసారి మారిస్తే సరిపోతుంది. బొగ్గు పొరున్నవి వాసన తగ్గిస్తాయి కానీ గాలిని కొంచెం ఎక్కువ ఆపుతాయి. ఈ ట్రక్కుకు మామూలు ఫిల్టరే చాలు.