ప్రీఎక్లాంప్సియా మూలం వెతకాలంటే ఏది మేలు: రప్ ఎలుకా, బీపీహెచ్/5 చిట్టెలుకా?

ప్రీఎక్లాంప్సియా (గర్భిణుల్లో బీపీ పెరిగి, తరచూ మూత్రంలో ప్రోటీన్ పోయే జబ్బు) మీద పని మొదలుపెట్టే విద్యార్థులు తరచూ అడిగేది ఇదే. చాలామంది మొగ్గు రప్ ఎలుక వైపే, అంటే గర్భాశయానికి రక్తం తగ్గేలా ఆపరేషన్ చేసిన ఎలుక వైపే. గర్భం 14వ రోజున పొట్టలోని బృహద్ధమనికి, అండాశయ ధమనులకు సన్నటి వెండి క్లిప్పులు బిగిస్తారు. మావికి వెళ్లే రక్తం దాదాపు 40 శాతం తగ్గుతుంది. కొన్ని రోజుల్లోనే బీపీ పెరుగుతుంది, రక్తంలో రక్తనాళాలకు చేటు చేసే ప్రోటీన్ ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1 ఎక్కువవుతుంది, పిల్లలు బరువు తక్కువగా ఉంటాయి. ఫలితం నమ్మకంగా వస్తుంది, మందులు పరీక్షించడానికి ఇది చాలా బాగుంటుంది.

నా అభ్యంతరమల్లా ఆ 14వ రోజు గురించే. ఎలుక గర్భం మొత్తం 22 రోజులు. అప్పటికే మావి ఏర్పడిపోయి ఉంటుంది. స్త్రీలలో తేడా మొదలయ్యేది అంతకన్నా చాలా ముందు, మావిని ఏర్పరిచే ట్రోఫోబ్లాస్ట్ కణాలు గర్భాశయంలోకి చొచ్చుకెళ్లి, మావికి రక్తం తెచ్చే స్పైరల్ ధమనులను వెడల్పు చేయాల్సిన దశలో. రప్‌లో రక్తం తగ్గించేది మనమే. ఇక అది ఎందుకు తగ్గిందని ఆ ఎలుకను అడిగి లాభం ఏముంది?

2003లో పరిశోధకుడు కరుమాంచి బృందం ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1 ఎక్కించినప్పుడు గర్భం లేని ఎలుకల్లో కూడా బీపీ పెరిగింది, మూత్రంలో ప్రోటీన్ బయటికి పోయింది. గొప్ప పనే. కానీ మావి దాన్ని అంత ఎక్కువగా ఎందుకు వదులుతోందన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది.

అందుకే కారణం వెతికేవాళ్లకు నేను బీపీహెచ్/5 చిట్టెలుకనే చెబుతాను. ఇది గర్భంతో ఉన్నప్పుడు ఈ జబ్బు లక్షణాలు తనంతట తానే చూపే జాతి, ఇందులో ఆపరేషన్ లేదు, ఇంజెక్షన్ లేదు. బీపీ ఎగబాకకముందే మావిలో లోపం కనిపిస్తుంది. గర్భం తొలి దశలో రక్తనాళాలు పెరగడానికి తోడ్పడే వీఈజీఎఫ్ ప్రోటీన్ అందిస్తే చివర్లో రావాల్సిన బీపీ రాలేదు కూడా. కారణం, ఫలితం ఏ వరుసలో వస్తాయో చూసే వీలు నాకు అన్నిటికన్నా ముఖ్యం. లోపాలు లేకపోలేదు. దీని బీపీ గర్భానికి ముందే కాస్త ఎక్కువ, పైగా చిట్టెలుకలో ట్రోఫోబ్లాస్ట్ లోతుకు పోదు. ఆ లోతే మీ ప్రశ్న అయితే ఎలుకే నయం.

రక్తనాళాలు బిగుసుకునేలా చేసే ఎల్-నేమ్ మందుతో బీపీ పెంచడానికి గర్భమే అక్కర్లేదు, కారణాల వేటకు అది పనికిరాదు. బబూన్ కోతి మనకు దగ్గరే, కానీ ఖర్చు, సమయం, నైతిక అనుమతులు చాలా ప్రయోగశాలలకు అందవు.

బీపీహెచ్/5 ఎంచుకుంటే జత కట్టించడానికి ముందే టెలిమెట్రీ ప్రోబ్ (ఒంటి లోపలి నుంచే బీపీ వివరాలు పంపే పరికరం) అమర్చండి. తోకకు పట్టీ కట్టి కొలిస్తే టెన్షన్‌కే బీపీ పెరుగుతుంది, గర్భం వల్ల పెరిగింది ఎంతో తేలదు.