పాత అవుట్‌బోర్డ్ ఇంజను కొనేముందు దాన్ని పైకెత్తి నిలిపే ఆధారపు లివరు తీయించి చూడండి

గత నెల మా పడవకు, వెనకవైపు బయట బిగించే 60 హార్స్‌పవర్ పాత అవుట్‌బోర్డ్ ఇంజను కొన్నాను. అమ్మినాయన బ్యాటరీ తగిలించి మీట నొక్కితే, మోటారుతో తిరిగే పంపు తోసే హైడ్రాలిక్ ఆయిల్ ఒత్తిడికి ఇంజను నెమ్మదిగా పైకి లేచింది, దిగింది. నమ్మి డబ్బు కట్టేశాను. కాకినాడ తెచ్చి పడవకు బిగించి, ఒడ్డున పైకెత్తి వదిలాను. తెల్లవారి చూస్తే ఇంజను కిందికి జారిపోయి, ప్రొపెల్లర్ ఇసుకలో కూరుకుపోయి ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆయన దగ్గర ఇంజను పైకెత్తి ఉన్నంతసేపూ ఇంజనును పడవకు పట్టి ఉంచే బ్రాకెట్ పక్కనున్న ఆధారపు లివరు వేసే ఉంది. బరువు మోస్తున్నది హైడ్రాలిక్ ఆయిల్ కాదు, ఆ ఇనుప ముక్క! దయచేసి ఆ లివరు తీయించి, ఇంజను ఎత్తు గుర్తుపెట్టుకుని కనీసం గంటసేపు ఆగండి. ఆ సమయంలో ఎవరూ దాని కింద చేతులు పెట్టకూడదు.

మెకానిక్ ముందు బ్రాకెట్‌లోని మాన్యువల్ వాల్వు స్క్రూ (ఇంజనును చేత్తో ఎత్తడానికి, దించడానికి వదులు చేసేది) బిగించి చూశాడు. అది వదులైతే పంపు బాగున్నా ఇంజను నిలబడదు. నా విషయంలో తప్పు అక్కడ లేదు. ఇంజను పూర్తిగా పైకెత్తి ఆయిల్ మూత తీస్తే మజ్జిగలా తెల్లగా ఉంది. ఉప్పునీరు లోపలికి చేరిందన్నమాట. ఇంజనును పైకి తోసే రాడ్డు మీద గోటితో గీస్తే ఇసుక రేణువుల్లా చిన్న చిన్న గుంటలు తగిలాయి. పైకి, కిందికి పోయిన ప్రతిసారీ అవే, ఆయిల్ బయటికి కారకుండా ఆపే సీలును కోశాయి. పైపైన మాత్రం శుభ్రంగా తుడిచి, కొత్త రంగు వేసి అమ్మారు.

మీట నొక్కితే టక్కుమని శబ్దం వచ్చి మోటారు తిరగకపోతే బ్యాటరీ, తీగల చివరలు, రిలే (మోటారుకు కరెంటు పంపే స్విచ్చు; పైకి ఒకటి, కిందికి ఒకటి) చూడండి. ఒకవైపే కదిలితే, రెండు రిలేలూ ఒకే రకమైనవైతే, వాటిని అటూ ఇటూ మార్చి చూడండి. ఇవి చూడకుండా పంపు మొత్తం మార్చాలనేవారిని నమ్మవద్దు. ఇంజను కిందికి ఉన్నప్పుడు ఆయిల్ మూత మాత్రం తీయకండి, ఒత్తిడికి ఆయిల్ మొహం మీదికి చిమ్ముతుంది.

అమ్మినాయన "ఇచ్చినప్పుడు బాగానే ఉంది కదా" అంటున్నారు. రాడ్డు, సీళ్లు నేనే మార్పించుకున్నాను. పాత రాడ్డు పారేయలేదు. కొనబోయేవారెవరైనా వచ్చి, ఆ గుంటలు చేతికి ఎలా తగులుతాయో తడిమి చూసి వెళ్లవచ్చు.