చెన్నైకి ఏ నెలలో వెళ్ళాలి, ఏ వైపు దిగాలి

మా కడపలో మే నెలలో ఎండ నలభై రెండు దాటడం మామూలే. చెన్నైలో ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది. అంకెలు చూస్తే చెన్నైయే నయమనిపిస్తుంది. కానీ కడపలో వేపచెట్టు కింద కాసేపు నిలబడితే చెమట ఆరిపోతుంది, చెన్నైలో ఆరదు. నీడలో కూర్చున్నా చొక్కా వీపుకు అతుక్కునే ఉంటుంది. రాత్రయినా ఇరవై ఎనిమిది దగ్గరే ఆగిపోతుంది. అమ్మ కంటి వైద్యం కోసం కొన్నేళ్ళుగా అన్ని కాలాల్లోనూ ఆ ఊరికి వెళ్ళొస్తున్నాం. ఏ నెలలో ఎలా ఉంటుందో, ఎక్కడ దిగితే సుఖంగా ఉంటుందో మాకు తెలిసినంత రాస్తున్నాను. మీరు కూడా పెద్దవాళ్ళను తీసుకెళ్ళే పనైతే గది ఎంత పెద్దదో, సామాను ఎంత కొత్తదో తర్వాత చూసుకోండి. సముద్రానికి ఎంత దూరమో ముందు చూడండి.

ఎందుకంటే ఆ ఊరి వేసవి అంతా సముద్రపు గాలి చేతిలో ఉంటుంది. పొద్దుటి నుంచి నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, ఆ చోటులోకి సముద్రం మీది గాలి వస్తుంది. మామూలుగా మధ్యాహ్నానికల్లా వచ్చేస్తుంది. మే నెలాఖరులో, జూన్‌లో పడమటి గాలి గట్టిగా వీస్తే మాత్రం దాన్ని ఒడ్డు దగ్గరే ఆపేస్తుంది. అది ఎంత ఆలస్యమైతే ఎండ అంత ముదురుతుంది. 2003 మే 31న 45 డిగ్రీలు నమోదైంది, ఊరి చరిత్రలో అదే రికార్డు. వాతావరణ శాఖ రోజూ ఊళ్ళో రెండు చోట్ల ఎండ లెక్కలు చెబుతుంది: నుంగంబాక్కం, మీనంబాక్కం. సముద్రానికి దూరంగా విమానాశ్రయం పక్కనున్న మీనంబాక్కంలో వేసవిలో ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది.

ఆ తేడా మాకు ఒంటికి తెలిసింది. ఒకసారి ఆస్పత్రికి దగ్గరని ఊరి లోపలి లాడ్జిలో దిగాం. కిటికీ తెరిస్తే ఎదురుగా పక్క భవనం గోడ. ఏసీ నీళ్ళు మంచం కాళ్ళ దగ్గర కారేవి. దుప్పటి తడి తడిగా ఉండేది, ఉతికిన తువ్వాలు మర్నాటికీ ఆరలేదు. కరెంటు పోతే జనరేటర్ మీద ఫ్యాను, లైటు మాత్రమే అని కౌంటర్‌లో అప్పుడు చెప్పారు. కంట్లో చుక్కలు వేయించుకుని కళ్ళు మూసుకుని పడుకున్న అమ్మకు ముఖం మీద చెమట తుడుస్తూనే ఉండాల్సి వచ్చింది. తర్వాతి నుంచి మెరీనా తీరానికి దగ్గర్లోని ట్రిప్లికేన్‌లో, పార్థసారథి గుడికి నడిచి వెళ్ళేంత దూరంలో తూర్పు కిటికీ ఉన్న పాత లాడ్జి చూసుకున్నాం. గది చిన్నది, లిఫ్టు నెమ్మది. అయినా మధ్యాహ్నం భోజనం చేసి కూర్చుంటే కిటికీ పరదా లోపలికి ఊగడం మొదలవుతుంది. ఆ మాత్రం గాలికే అమ్మ హాయిగా నిద్రపోయింది. గది తీసుకునే ముందు కిటికీ ఏ వైపుంది, కరెంటు పోతే ఏసీ పనిచేస్తుందా, ఈ రెండూ తప్పకుండా అడగండి.

మేలో వెళ్ళక తప్పకపోతే బయటి పనులన్నీ పొద్దున తొమ్మిదిలోపు ముగించుకోవాలి. మహాబలిపురం ఉదయం ఆరింటికే తెరుస్తారు, ఆ వేళకు వెళ్ళినవాళ్ళకే అది ఆనందం. ఎండెక్కాక ఆ రాళ్ళ మధ్య నడవలేం. కపాలీశ్వరుడి గుడికి సాయంత్రం వెళ్ళండి, మధ్యాహ్నం ఎలాగూ మూసి ఉంటుంది. పగటి పూటకు ఎగ్మూరు మ్యూజియం ఉంది. 1851లో పెట్టిన ఆ మ్యూజియంలో మన అమరావతి స్తూపం శిల్పాలున్నాయి, తెలుగువాళ్ళం చూడకుండా రాకూడదు. శుక్రవారం సెలవు. మెరీనా ఎదురుగా వివేకానంద ఇల్లం ఉంది. 1842లో, అమెరికా నుంచి ఓడల్లో తెచ్చిన మంచుగడ్డలు దాచడానికి కట్టిన భవనమది. ఆ ఊరి ఎండను తట్టుకోవడానికి అన్ని వేల మైళ్ళ నుంచి మంచు తెప్పించుకున్నారంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే. 1897లో వివేకానందులవారు అందులో బస చేశారు.

అక్టోబర్ మధ్య నుంచి డిసెంబర్ మధ్య వరకు మాత్రం వెళ్ళొద్దనే చెబుతాను. మిగతా దేశానికి వానలు తెచ్చే నైరుతి గాలులు పడమటి కనుమల దగ్గరే చాలా మటుకు కురిసేస్తాయి. చెన్నైకి అసలు వాన బంగాళాఖాతం మీంచి వచ్చే ఈశాన్య గాలులతోనే. ఏడాదికి సుమారు 1,400 మిల్లీమీటర్లు పడితే సగానికి పైగా ఈ రోజుల్లోనే పడుతుంది, అదీ ఒక్కోసారి ఒకటి రెండు రోజుల్లోనే కుమ్మరిస్తుంది. 2015 డిసెంబర్ వరదల్లో విమానాశ్రయమే మూతపడింది. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను మన బాపట్ల దగ్గర తీరం దాటకముందే చెన్నైని ముంచేసింది. మేం ఒక నవంబర్‌లో చిక్కుకున్నాం. రోడ్డు కింద సబ్‌వేలో నడుం లోతు నీళ్ళు, ఆటోవాళ్ళు రామన్నారు, ఫోన్‌లో క్యాబ్ రేటు నిమిషానికోసారి పెరిగింది. అపాయింట్‌మెంట్ దాటిపోతుందేమోనని ఒకటే టెన్షన్. చివరికి ఆదుకున్నది మెట్రో. అందుకే ఆ కాలంలో తప్పనిసరైతే మెట్రో స్టేషన్‌కు నడక దూరంలో, పై అంతస్తులో గది తీసుకోండి. వేళచ్చేరి లాంటి పల్లపు ప్రాంతాలు వద్దు, పక్కనే పళ్ళికరణై చిత్తడి నేల, వాన నీరంతా అటే పారాలి.

మెట్రో గురించి ఇంకో మాట. రైల్లో సెంట్రల్‌లో దిగినా, విమానంలో వచ్చినా బయటి ఎండ తగలకుండా ఏసీలో ఊళ్ళోకి చేరిపోవచ్చు. మన వైపు నుంచి వచ్చే చాలా బస్సులు మాధవరంలో ఆపేస్తాయి, అక్కడి నుంచి మళ్ళీ ఇంకో బండి పట్టుకోవాలి. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు రైలే మంచిది.

జనవరి, ఫిబ్రవరి నెలలు అందరికీ తెలిసినవే. పగలు ముప్పైకి అటూఇటూ, రాత్రి ఇరవై ఒకటి దాకా దిగుతుంది. మార్గళిలో, అంటే మన ధనుర్మాసంలో, మైలాపూర్ వీధుల్లో ముగ్గులు, సభల్లో కచేరీలు, సభ క్యాంటీన్లో టిఫిన్లు. అమ్మ కళ్ళజోడు సర్దుకుంటూ ఒక్కో ముగ్గు దగ్గరా ఆగి చుక్కలు లెక్కపెట్టింది. చిక్కల్లా గదులతోనే, దొరకవు, దొరికినా రేట్లు ఎక్కువ.

అందుకే మేం ఎక్కువగా ఆగస్టు ఎంచుకుంటున్నాం. పగలు ముప్పై ఐదు దాకా ఉంటుంది, ఉక్కపోత తప్పదు. కానీ చాలా సాయంత్రాలు పడమటి నుంచి మబ్బు కమ్మి, ఉరుములతో గంటసేపు వాన పడి ఆగిపోతుంది. ఆ వానకు రోడ్లు సాధారణంగా మునగవు. గదులు సులువుగా దొరుకుతాయి, కాస్త బేరమాడొచ్చు కూడా. పల్చటి కాటన్ బట్టలు ఇంట్లో అనుకున్నదానికి రెండింతలు పెట్టుకోండి. ఉతికినవి ఆరతాయని మాత్రం నమ్ముకోకండి.