ఐదు చోకుల సెట్ ఒక సీజన్ వాడాక: డబ్బా మీది మాటలు, కాగితం మీది చుక్కలు

క్లే టార్గెట్లు (గాల్లోకి విసిరే మట్టి బిళ్ళలు) కొట్టే నా 12 బోర్ షాట్‌గన్‌కి ఐదు చోక్ ట్యూబుల సెట్ కొని ఒక సీజన్ మొత్తం వాడాను. చోక్ అంటే బ్యారెల్ మూతికి బిగించే చిన్న గొట్టం, మూతిని కాస్త ఇరుకు చేసి పెల్లెట్లు (తూటాలోని చిన్న గుండ్లు) ఎంత చెదిరిపోవాలో మారుస్తుంది. వదులు నుంచి బిగువు దాకా వరసగా స్కీట్, ఇంప్రూవ్డ్ సిలిండర్, మోడిఫైడ్, ఇంప్రూవ్డ్ మోడిఫైడ్, ఫుల్. బ్యారెల్ మూతి దాటి కొంచెం బయటికి వచ్చే రకం కాబట్టి తాళంచెవి లేకుండా చేత్తోనే బిగించొచ్చు. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే ఇక్కడ చెప్పేదాంట్లో చాలా భాగం ఏ కంపెనీ చోకుకైనా వర్తిస్తుంది, ఒక్క లోపం తప్ప, దాని సంగతి చివర్లో.

స్టీలు మంచిది, మరలు శుభ్రంగా కోశారు. ప్రతి వంద షాట్లకీ ఒకసారి తుపాకీ ఖాళీగా ఉందని చూసుకుని, ట్యూబు విప్పి, మసి తుడిచి, మరలకి కాస్త గ్రీజు రాశాను. ఎక్కడా పట్టేయలేదు.

డబ్బా మీద మాత్రం ఫుల్ చోక్ పెడితే దెబ్బ గట్టిగా, దూరం నుంచి తగులుతుందని పెద్ద అక్షరాలతో రాశారు. ఇది కొత్త మాటేమీ కాదు, షూటింగ్ రేంజ్‌లో పదిమందిని అడిగితే చాలామంది ఇదే చెప్తారు, నేనూ చాలా ఏళ్ళు నమ్మాను. పైపు మూతికి వేలు అడ్డం పెడితే నీళ్ళు దూరం పడతాయి కదా, ఇదీ అంతే అనుకుంటారు. కానీ పైపులో వెనకనుంచి నీళ్ళు ఆగకుండా తోసుకొస్తుంటాయి. ఇక్కడ పెల్లెట్లు చోక్ దగ్గరికి వచ్చేసరికే తూటాలోని మందు తన పని దాదాపు పూర్తి చేసేసింది, వేగం వచ్చేసింది. చోక్ వల్ల వేగంలో వచ్చే తేడా పట్టించుకోవాల్సినంత ఉండదు. ఒక్కో పెల్లెట్ దెబ్బ ఏ చోక్‌లోంచి వచ్చినా ఒక్కటే. మారేది ఎన్ని పెల్లెట్లు దగ్గర దగ్గరగా పడతాయన్నది. దూరాన క్లే పగిలే అవకాశం పెరిగేది అందువల్లే.

చోక్ ఎంత బిగువో కొలిచే లెక్క కూడా పాతదే: 40 గజాల దూరంలో 30 అంగుళాల వృత్తం, అందులో ఎన్ని పడ్డాయో చూడాలి. చోక్ లేని సిలిండర్‌కి దాదాపు 40 శాతం, ఇంప్రూవ్డ్ సిలిండర్‌కి 50, మోడిఫైడ్‌కి 60, ఫుల్‌కి 70 అంటారు. వృత్తం మాత్రం షాట్ పడ్డాక, పెల్లెట్లు ఒత్తుగా పడ్డచోటు చూసి గీయాలి.

నేను ఒక్కో ట్యూబుతో, ఒకే డబ్బాలోని తూటాలతో, పదేసి కాగితాలు కొట్టి చుక్కలు లెక్కపెట్టాను. విసుగు పుట్టించే పనే, కానీ పది ఎందుకు కావాలో లెక్క వేస్తే తెలుస్తుంది. 28 గ్రాముల ఏడున్నర నంబరు (పెల్లెట్ సైజు) తూటాలో సుమారు 345 పెల్లెట్లు ఉంటాయి. 60 శాతం అంటే 207. ప్రతి పెల్లెట్టూ దేనికదే విడిగా పోతుందనుకున్నా సరే, ఈ 207కి అటూ ఇటూ 18 దాకా తేడా రావడం మామూలే. అంటే ఒకే చోక్, ఒకే తూటా, అయినా 55 శాతమూ రావచ్చు, 65 శాతమూ రావచ్చు. ఒక్కొక్క కాగితం కొట్టి రెండు చోకుల్ని పోల్చి "ఇది టైట్, అది లూజ్" అని తేల్చేస్తే అది గాల్లో మాటే. రేంజ్‌లో జరిగే వాదనల్లో సగం ఇలాంటి ఒక్క కాగితం మీద పుట్టినవేనని నాకు గట్టిగా అనిపిస్తుంది.

పది కాగితాల సగటు తీశాక, నా తుపాకీలో ఇంప్రూవ్డ్ మోడిఫైడ్‌కీ ఫుల్‌కీ నమ్మదగ్గ తేడా కనబడలేదు. స్కీట్‌కీ మోడిఫైడ్‌కీ మధ్య మాత్రం స్పష్టంగా ఉంది. ఇంకో సంగతి, ట్యూబు మీది పేరు చూసి ఏదీ నిర్ణయించలేం. అసలు లెక్క బ్యారెల్ లోపలి వ్యాసానికీ చోక్ వ్యాసానికీ ఉన్న తేడా. 12 బోర్ అంటే 0.729 అంగుళాలు అని పుస్తకంలో ఉన్నా, బ్యారెళ్ళు కొంచెం అటూ ఇటూగా వస్తాయి. మోడిఫైడ్ అంటే సుమారు 0.020 అంగుళాల బిగువు, కాబట్టి బ్యారెల్ 0.010 వెడల్పుగా ఉంటే అదే ట్యూబు ఫుల్‌కి దగ్గరవుతుంది. ఈ ఒక్క ముక్క డబ్బాలో కాగితం మీద రాసి ఉంటే ఎంత బావుండేది!

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది తూటా. అదే మోడిఫైడ్‌లో మెత్తటి సీసం తూటాలు తీసి, సీసాన్ని గట్టిపరిచే యాంటిమొనీ ఎక్కువ కలిపిన గట్టి పెల్లెట్లవి వేస్తే ప్యాటర్న్ (కాగితం మీద చుక్కలు పడ్డ తీరు) చోక్ ఒక మెట్టు మార్చినంత బిగిసింది. మెత్తటి పెల్లెట్ కాల్చినప్పుడు నలిగి గుండ్రం పోగొట్టుకుంటుంది, నలిగింది గాలిలో దారి తప్పుతుంది, అంతే కారణం. స్టీల్ పెల్లెట్లు నలగవు కాబట్టి తక్కువ బిగువుతోనే దగ్గరగా పడతాయి. కానీ ట్యూబు మీద స్టీల్‌కి పనికొస్తుందని రాసి లేకపోతే ఫుల్‌లోంచి కొట్టొద్దు, ట్యూబే కాదు బ్యారెల్ కూడా పాడవ్వొచ్చు.

ఇక లోపం. ఇంప్రూవ్డ్ మోడిఫైడ్ ట్యూబు పది కాగితాల మీదా ఎడమకే కొట్టింది. అదే ఆనింపు, అదే తూటా, మిగతా నాలుగూ మధ్యలోనే పడ్డాయి. బహుశా ఆ ట్యూబు రంధ్రం నడిమధ్యలో లేదు. కంపెనీకి రాస్తే మొదట నా గురి తప్పన్నారు, అది నన్ను బాధపెట్టింది. పది కాగితాల ఫొటోలూ పంపాక మాట మార్చుకుని వేరేది పంపారు. కొత్తది సరిగ్గానే పడుతోంది, అయినా దాన్ని పెద్దగా తీయను. దగ్గరి క్లేలకి స్కీట్, మిగతా అన్నిటికీ మోడిఫైడ్, గట్టి పెల్లెట్ల తూటాలు. ఐదు కొన్నాను గానీ నాకు ఈ రెండు సరిపోయాయి, వీలైతే మీరు విడిగా రెండే కొనుక్కుని మిగిలిన డబ్బు తూటాలకీ పెద్ద కాగితాలకీ పెట్టండి.